సగంలో ఆగిన నవల, ఇంటి పని, ఫేస్‌బుక్ పేజీ

రాయగడ నుంచి ఒక సోదరి అడిగారు. పుట్టిల్లు పార్వతీపురం, మెట్టినిల్లు రాయగడ. ఇంట్లో అత్తమామలు, భర్త, నాలుగో తరగతి చదివే పాప. మొదలుపెట్టిన నవల సగం దాకా వచ్చి ఆగింది. సాయంత్రాలు పాప ఒడియా హోంవర్కుతోనే గడిచిపోతున్నాయట. మూడు అధ్యాయాలు ఒక ప్రచురణకర్తకు పంపితే, ఆయన బాగుందని ఒక్క మాట అని, ఆ వెంటనే ఫేస్‌బుక్‌లో మిమ్మల్ని ఎంతమంది అనుసరిస్తున్నారని అడిగారు. "రాయడానికే తీరిక లేదు, ఇప్పుడు నన్ను నేను అమ్ముకోవడం కూడా నేర్చుకోవాలా? ఇల్లు, రాత, ప్రచారం మూడూ ఎలా నడపాలి?" అన్నది ఆవిడ ప్రశ్న.

నేను బరంపురంలో ఉంటాను. బడిలో పాఠాలు చెబుతూ, నిండు ఇంట్లో కోడలిగా, తల్లిగా ఉంటూనే నవలలు రాశాను. ఉద్యోగ విరమణ అయింది గాని నవలలకు ఇంకా కాలేదు. తోచింది చెబుతాను, మీ ఇంటికి సరిపడింది తీసుకోండి.

అమ్మా, ఆ మూడింటినీ కలిపి నడపాల్సిన అవసరం మీకిప్పుడు లేదు. సగం నవలకు ప్రచారం అక్కర్లేదు. మా బరంపురం అప్పడాలకు ఒడిశా అంతటా పేరుంది. వాటిని చేసే ఆడవాళ్లెవరూ పిండి తడుపుతున్న రోజునే దుకాణం తెరిచి కూర్చోరు. కాబట్టి ప్రచారాన్ని కొన్ని నెలలు అటకెక్కించండి. ఎక్కడ, ఎప్పుడు దించాలో తర్వాత చెబుతాను.

ఇక మిగిలినవి ఇల్లు, రాత. వీటి మధ్య తగువు సమయం గురించేనని అందరూ అనుకుంటారు. సమయం కొరత నిజమే, కానీ అంతకంటే పెద్ద కొరత ఒకటుంది. చేతులతో చేసే పని నవలకు పెద్దగా అడ్డు రాదు. బట్టలు ఆరవేస్తూ ఒక సంభాషణ మొత్తం మనసులో ఆడించుకోవచ్చు, నేను చాలాసార్లు ఆ పని చేశాను. అడ్డు వచ్చేది గుర్తుపెట్టుకునే పని. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, మామగారి బీపీ మాత్రలు ఇంకెన్ని ఉన్నాయి, పాప యూనిఫారం ఇస్త్రీకి వెళ్లిందా, పాలవాడికి ఎంత బాకీ, ఎల్లుండి వచ్చే చుట్టాలు ఉల్లిపాయ తింటారా తినరా. ఇవన్నీ ఇంట్లో ఒక్క మనిషి తలలోనే తిరుగుతుంటాయి. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు.

నవల రాయడమన్నా గుర్తుపెట్టుకోవడమే. ఏ పాత్రకు ఏ రహస్యం ఏ అధ్యాయంలో తెలిసింది, పెద్దాయన చేతికర్ర ఏ చేతిలో ఉంది, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి ఎన్నేళ్లయింది. కథ అయితే ఒక్క ఊపులో రాసి పడేయవచ్చు. నవల నెలల తరబడి తలలో కాపురం ఉంటుంది. పాల బాకీ, చేతికర్ర ఒకే గదిలో సర్దుకోవాలంటే చివరికి బయటకు పోయేది చేతికర్రే. మీ నవల సగంలో ఆగడానికి కారణం ప్రతిభ లోపమని మీరు అనుమానపడుతున్నట్టున్నారు. నేనైతే ముందు ఈ గదిని అనుమానిస్తాను.

గోపీనాథ్ మహంతి కొరాపుట్ ప్రాంతంలో ప్రభుత్వోద్యోగం చేస్తూనే ఒడియాలో నవలలు రాశారు, 1973 జ్ఞానపీఠ పురస్కారంలో భాగం అందుకున్నారు. 1992 దాకా మీ రాయగడ కూడా ఆ కొరాపుట్ జిల్లాలోదే. ఉద్యోగమూ రచనా కలిపి ఎలా నడిపారని అలాంటి పెద్దల గురించి మనం ఆశ్చర్యపోతాం. ఆ తరం మగ రచయితలెవరినీ ఇంట్లో పప్పు ఎప్పుడు నిండుకుందో తెలుసా అని అడిగినవాళ్లు మాత్రం లేరు. తప్పు పట్టడానికి కాదు, పోల్చుకుని మీరు చిన్నబుచ్చుకోకూడదని చెబుతున్నాను.

అందుకే ఇంట్లోవాళ్లను సాయం అడగకండి. సాయం అంటే వాళ్లు చేస్తారు, ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో మాత్రం మీరే చెప్పాలి. "ఏం తేవాలో చెప్పు, తెస్తాను" అనే భర్త మంచివాడే. కానీ సంచి ఆయన చేతికి వెళ్లింది, జాబితా మీ తలలోనే ఉండిపోయింది. పనిని దాని ఆలోచనతో సహా ఇచ్చేయండి. మీ విషయంలో మొదట ఇవ్వాల్సింది కళ్లముందే ఉంది. మీరు పార్వతీపురంలో తెలుగులో చదువుకున్నారు, మీవారు రాయగడలో ఒడియా చదివి పెరిగారు. మరి పాప ఒడియా హోంవర్కు దగ్గర మీరు కూర్చుని అక్షరాలు కూడబలుక్కోవడమేమిటి? ఆ పుస్తకం, ఆ డైరీ, ఆ పరీక్షలు, టీచరుతో మాట్లాడటం అన్నీ ఆయనకు అప్పగించండి. మునిసిపాలిటీ, రేషన్ కార్డు, కరెంటు ఆఫీసు కాగితాలు కూడా ఒడియాలోనే వస్తాయి కదా, అవి కూడా అటే. ఒక వారం హోంవర్కు తప్పుతుంది, టీచరు చీవాట్లు పెడతారు. పెట్టనివ్వండి. మీరు మధ్యలో దూరి సర్దితే ఆ పని మళ్లీ మీ తలలోకి వచ్చి కూర్చుంటుంది.

మామగారి మందులు అత్తగారు చూసుకోగలిగితే అవి ఆవిడకే. పెద్దవాళ్లకు ఒక పని పూర్తిగా వదిలేయడంలో మర్యాద కూడా ఉంది. సలహా అడిగి తర్వాత మన ఇష్టప్రకారం చేస్తేనే వాళ్లకు కోపం వస్తుంది.

వంట గురించి ఎక్కువ చెప్పను, ఎవరి పొయ్యి వారిది. ఒక్క మాట. పఖాళ అనే నీళ్లన్నం తినే రాష్ట్రంలో ఉండి, వేసవిలో రోజూ పొద్దున్నే ఇడ్లీ, చట్నీ, సాంబారు అంటూ మూడు గిన్నెలు పెట్టుకోవడం దేనికి? రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచడం మన ఇళ్లలోనూ కొత్తదేమీ కాదు. కూరగాయలన్నీ పప్పులోనే ఉడికే దాల్మా చేసుకున్న రోజున వేరే కూర అక్కర్లేదు. ఒడియా వంటింటి దగ్గర మనం నేర్చుకోవాల్సిన పొదుపు ఇది.

రాసే వేళను దాచకండి. ఇంట్లో అందరూ పడుకున్నాక దొంగచాటుగా రాసే కోడలు పత్రికల్లో మంచి కథావస్తువు అవుతుంది గాని మంచి నవల రాయలేదు, నిద్ర చాలదు. "అత్తయ్యా, అయిదు నుంచి ఆరింటిదాకా రాసుకుంటాను" అని చెప్పి కూర్చోండి. రోజూ అదే వేళ అయితే కొన్నాళ్లకు ఇంటికి అలవాటవుతుంది, గోడ గడియారంలాగా మిమ్మల్నీ ఎవరూ కదిలించరు. "దీనివల్ల డబ్బేమైనా వస్తుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మొదటి నవలకు రాదని నిజం చెప్పేయండి. వస్తుందని ఆశ పెడితే ప్రతి పండక్కీ లెక్క చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆ గంటలో ఎంత రాయాలి? మామూలు నవలల డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి సుమారు 250 మాటలు పడతాయి. రోజుకు ఒక అచ్చు పేజీ చాలు. మీరు రాయాల్సినది ఇంకో వంద పేజీలు అనుకుంటే, పండగలు, జ్వరాలు, చుట్టాలు, పాప పరీక్షలు అన్నీ తీసేసినా ఆరు నెలల పని. రాయని రోజులు వస్తాయి. వాటిని లెక్కపెట్టి ఏడవకండి, మర్నాడు రెండు పేజీలు రాసి సరిచేస్తానని ప్రతిజ్ఞలూ చేయకండి. ఆ రెండు పేజీలు సాధారణంగా చెత్తగానే ఉంటాయి.

అయితే ఆ గంటను దేనికి వాడుతున్నారో చూసుకోవాలి. నవల పనిలో రెండు రకాలున్నాయి. కొత్త దృశ్యం రాయడానికి ఎవరూ పిలవని గంట కావాలి. పేర్లు సరిచూడటం, వయసుల లెక్క, అక్షరదోషాలు, రాతప్రతిని ఫోనులోకి ఎక్కించడం లాంటివాటికి ముక్కలు ముక్కల సమయం చాలు. బడి గేటు దగ్గర, డాక్టరు దగ్గర వరసలో, కుక్కర్ కూతల మధ్య అవి అయిపోతాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. దొరికిన ఒక్క మంచి గంటలో మొదటి అధ్యాయాన్ని పదోసారి దిద్దుతూ కూర్చుంటారు, కొత్త అధ్యాయం గురించి బస్సులో ఆలోచిస్తారు. మొదటి అధ్యాయం నిగనిగలాడుతుంది, నవల కదలదు. ఫోనులో మాట్లాడి టైపు చేయించే సౌకర్యం ఇప్పుడు తెలుగులో బాగానే పనిచేస్తోంది. సంభాషణలకు పనికొస్తుంది. వర్ణన మాత్రం నోటితో చెబితే ఉపన్యాసంలా వస్తుంది, నా చెవికైతే అంతే.

రాత బల్ల మీదినుంచి లేచే ముందు మర్నాటి మొదటి వాక్యం రాసి లేవండి. మళ్లీ కూర్చున్నప్పుడు నిన్న ఎక్కడ ఆపానా అని వెతుక్కోవడంలోనే పావుగంట పోతుంది, మీకున్నది ఒక్క గంట.

మన ప్రాంతంలో ఆడవాళ్లకు ఒక వరం ఉంది, తెలుగు ఇళ్లు దాన్ని సరిగా వాడుకోవు. జూన్ నడుమ వచ్చే రజ పండగ. భూమాత రజస్వల అయిందని ఆ మూడు రోజులూ నేల దున్నరు, ఆడవాళ్లు రుబ్బడం, దంచడం, వంట పనులు ముట్టకూడదంటారు. ముందుగానే పోడపిఠా అనే పిండివంట చేసి ఉంచుకుని కొత్త బట్టలు కట్టి ఊయలలు ఊగుతారు. కోస్తా ఒడిశా పండగే కావచ్చు, మీ వీధిలో చేయకపోయినా అరువు తెచ్చుకోండి. ఒడియా వాళ్ల ఉపవాసాలన్నీ నేర్చుకున్నాం, సెలవు నేర్చుకోవడానికేం అడ్డం? ఆ మూడు రోజులూ నవల మొదటి పేజీ నుంచి రాసినంతవరకు గుక్క తిప్పుకోకుండా చదవడానికి పెట్టుకోండి. రోజుకొక పేజీ రాసేవాళ్లకు నవల మొత్తం ఒక్కసారిగా కనబడదు. ఎక్కడ సాగింది, ఎక్కడ ఒకే మాట మూడుసార్లు చెప్పాం అన్నది అలా కూర్చుని చదివినప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు అటక మీదిది దించుదాం.

ప్రచురణకర్త అలా అడిగినందుకు ఆయన మీద కోపం వద్దు. ఇవాళ చాలా తెలుగు నవలలు మూడొందలో అయిదొందలో కాపీలు వేస్తున్నారు. అవి గోదాములో మిగిలిపోతాయన్నది ఆయన భయం. కానీ ఆ అంకెను మీ వైపు నుంచి చూడండి. మీకు కావలసింది యాభై వేల మంది అనుచరులు కాదు, అయిదొందల మంది పాఠకులు. అయిదొందల మందిని ముఖాముఖిగా వెతుక్కోవచ్చు. మీకున్న బలగం కూడా తక్కువేమీ కాదు. రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలో తెలుగు కుటుంబాలున్నాయి, అటు పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం మీ పుట్టింటి వైపే.

నవల పూర్తికాకముందు అధ్యాయాలను ఎక్కడా పెట్టకండి. దీనికి ఒక గట్టి కారణం ఉంది. తెలుగులో నవలల పోటీలు పెట్టే పత్రికలు, సంస్థలు హామీపత్రం అడుగుతాయి. రచన సొంతమని, అనువాదం కాదని, ఎక్కడా ప్రచురణ కాలేదని రాసివ్వాలి. ఇప్పుడు చాలా ప్రకటనల్లో బ్లాగులు, సామాజిక మాధ్యమాలు కూడా ఆ 'ఎక్కడా'లోకి వస్తున్నాయి. యాభై లైకుల కోసం పెట్టిన రెండు అధ్యాయాలు మిమ్మల్ని పోటీకే దూరం చేయవచ్చు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో వారం వారం రాసి పాఠకులను సంపాదించుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లను తక్కువ చేయను. సీరియల్‌గా రాయడమే మీ ఉద్దేశమైతే అది మంచి చోటు. మీరు రాస్తున్నది అలాంటిది కాదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. ఆరో భాగానికి నలుగురు "కథానాయిక ఎందుకు ఏడవదు?" అని అడిగితే ఏడో భాగంలో ఆమెను ఏడిపించాలనిపిస్తుంది.

పుస్తకం వచ్చాక మన సరిహద్దు ఊళ్లకు పనికొచ్చే ఉపాయం చెబుతాను. మన ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, చదవగలిగేవాళ్లు తక్కువ. పిల్లలు ఒడియాలో, ఇంగ్లీషులో చదువుకున్నారు, నడివయసు వాళ్లలో కూడా కొందరికి తెలుగు అక్షరాలు రావు. వాళ్లకు పుస్తకం ముఖచిత్రం పంపి లాభం లేదు. ఒక అధ్యాయాన్ని మీ గొంతుతో చదివి, పది పన్నెండు నిమిషాల ఆడియోగా వాట్సాప్‌లో పంపండి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోను దగ్గరగా పెట్టుకుంటే చాలు. విన్నవాళ్లు వాళ్ల అమ్మకో అత్తకో వినిపిస్తారు, ఆ అమ్మలూ అత్తలే పుస్తకం కొంటారు.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన ఉద్యోగం చేసింది, సవర భాష మీద కృషి చేసింది పర్లాకిమిడిలోనే కాబట్టి ఆ రోజు మన వైపు తెలుగు సంఘాలు సభ పెడితే అందులో మనకు కాస్త హక్కు ఉన్నట్టే. ముందే అడిగి పది నిమిషాలు తీసుకోండి. వక్తలందరూ భాష ఎంత గొప్పదో చెబుతారు. మీరు ఆ పనికి పోకుండా నవలలోంచి రెండు పేజీలు చదివి దిగిపోండి.

ఆవిష్కరణ సభ పెట్టకండి. హాలు అద్దె, ఫ్లెక్సీ, అతిథుల ప్రయాణాలు, శాలువాలు, టిఫిన్లు, వీటన్నిటి ఏర్పాట్లు గుర్తుపెట్టుకునేది మళ్లీ మీరే. పుస్తకం చదవకుండానే పొగిడే సభల మీద నాకు మొదటినుంచీ చిరాకు, అది కూడా కారణం అనుకోండి. ఆ డబ్బు తపాలా ఖర్చుకు ఉంచుకోండి. చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబర్‌లో తీసేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. 2025 మే 1 నుంచి దాని బదులు పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా పెరుగుతూ 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. అచ్చుపనిలో 16 పేజీలు ఒక ఫారం. మీ నవల 13 ఫారాల్లో, అంటే 208 పేజీల్లో ఇమిడితే, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) కాగితం మీద డెమ్మీ పుస్తకం బరువు 250 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. బరువు మూడొందల గ్రాములు దాటకుండా చూసుకుంటే ప్రతి కాపీ మీదా మిగులుతుంది. మీ ఊరి పక్క జేకేపూర్‌లో కాగితం తయారవుతుంది, ఆ కాగితం మీద తెలుగు అచ్చు కావాలంటే మాత్రం మనం విజయవాడ వైపో హైదరాబాద్ వైపో చూడాలి. ఇదీ మన సరిహద్దు బతుకు.

అచ్చు దగ్గర రెండు విషయాలు. మీరు ఫోనులో ఎక్కించేది యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కనబడే అక్షరాల్లో ఉంటుంది. కంప్యూటర్‌లో పేజీలు కట్టే తెలుగు డీటీపీ ఆపరేటర్లు చాలామంది ఇంకా అను అనే పాత తరహా ఫాంట్లలోనే కడతారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. కాబట్టి మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫునే మొదటినుంచి చదవాలి, మీ దగ్గరున్న ఫైలు శుభ్రంగా ఉందని వదిలేయకూడదు. రెండోది, పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య మన దేశంలో ఉచితం. దానికి రుసుమని ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే, అది వాళ్ల సేవకు ధర అని గుర్తించి బేరం ఆడండి.

కాలం లెక్క కూడా చెప్పేస్తాను. పుస్తకాలు ఎక్కువగా కదిలేది డిసెంబర్‌లో హైదరాబాద్ ప్రదర్శనకు, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి. వాటికి అందాలంటే నవంబర్ చివరికి పుస్తకం చేతిలో ఉండాలి, డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం కలిపి మూడు నెలలు వేసుకుంటే ఆగస్టు చివరికి నవల పూర్తి కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. సరిగ్గా పుస్తకం చేతికొచ్చి అమ్ముకునే నవంబర్, డిసెంబర్ రోజుల్లోనే మార్గశిర మాసం వస్తుంది. మన లక్ష్మివారాల నోము, ఒడియా వాళ్ల లక్ష్మీపూజ మాణబసా రెండూ గురువారాలే. ఇల్లంతా కడగడం, ముగ్గులు, పిండివంటలు బుధవారం నుంచే మొదలవుతాయి. ఏడాది మొత్తంలో ఇల్లు, ప్రచారం నిజంగా కొట్టుకునేది ఆ నాలుగైదు వారాలే. ఆ నెలలో రాత ఆపేయండి. బుధ, గురువారాలు ఇంటికి ఇచ్చేసి, పుస్తకాల కట్టలు, తపాలా, ఫోన్లు మిగిలిన రోజులకు ఉంచండి. నోము మానేయమని నేను చెప్పను. మీరు చేయాలనుకుంటేనే చేయండి, పిండివంటలు రెండు తగ్గినా లక్ష్మీదేవి అలగదు.

ఫేస్‌బుక్ పేజీ కావాలంటే అక్టోబర్‌లో తెరవండి. రాసే వేళ ఫోను అత్తగారి గదిలో ఉండాలి.

ఆ ప్రచురణకర్తకు మాత్రం ఈ వారమే జవాబు రాయండి. ఇలా ఉంటే చాలు: "అయ్యా, నాకు ఫేస్‌బుక్‌లో చెప్పుకోదగ్గ అనుచరులు లేరు. నవల ఆగస్టు చివరికి పూర్తి చేసి పంపుతాను, సుమారు 200 పేజీలు ఉంటుంది. దక్షిణ ఒడిశా తెలుగు సంఘాలు, నా పుట్టింటి వైపు పరిచయాల ద్వారా కనీసం వంద కాపీలు నేను అమ్మించగలను. మీరు వేసే కాపీల సంఖ్య, నాకిచ్చే రాయల్టీ, రచయిత తగ్గింపు ధర తెలియజేయగలరు." వంద అన్న అంకె రాసే ముందు ఒక కాగితం తీసుకుని పేర్లు రాసి చూసుకోండి. ఎనభై వస్తే ఎనభై అనే రాయండి.